కొడైకెనాల్ వేసవి

మే నెల మధ్యాహ్నం కొడైకెనాల్ రోడ్డు స్టేషనులో రైలు దిగిన ప్రయాణికునికి మొదట ఎదురు వచ్చేది వడగాలి. అక్కడి నుంచి ఊరికి దాదాపు 80 కిలోమీటర్ల దారి. బస్సు కొంతసేపు మామిడితోపుల మధ్య, చింతచెట్ల కింద పోయి, ఆపైన పళని కొండలెక్కడం మొదలుపెడుతుంది. కాఫీతోటలు, కొండ అరటితోటలు దాటేసరికి చెమట ఆరిపోతుంది. ఇంకా పైకి పోతే కిటికీ మూసుకోవాలనిపిస్తుంది. సాయంకాలానికి ఊరు చేరేవేళ పెట్టె అడుగున పెట్టిన ఉన్నిబట్ట కోసం వెదుకులాట తప్పదు. తమిళంలో 'కోడై' అంటే వేసవి. పేరులోనే వేసవి ఉన్న ఈ ఊళ్ళో మండువేసవిలో కూడా పగటి ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరనే తచ్చాడుతుంది.

కొండమీద సూర్యునికి మరికొంత దగ్గరవుతాము గదా, అక్కడ వేడి ఎక్కువగా ఉండాలి గదా అని పిల్లలు అడుగుతారు. ప్రశ్న మంచిదే. కాని సూర్యుడు ఉన్నది సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరాన. కొడైకెనాల్ ఎత్తు సముద్రమట్టానికి సుమారు 2,100 మీటర్లు. అంత దూరంలో ఈ రెండు కిలోమీటర్లు లెక్కలోనికి రావు. అసలు కారణం గాలిలో ఉన్నది. ఎండ గాలిని నేరుగా వేడిచేసేది తక్కువ. ముందు నేల వేడెక్కి, ఆ నేల తనకంటుకొన్న గాలిని వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది. పైన వాయుపీడనం తక్కువ కాబట్టి ఆ గాలి వ్యాకోచిస్తుంది. అలా వ్యాకోచించడానికి చుట్టూ ఉన్న గాలిని నెట్టుకోవాలి. ఆ పనికి కావలసిన శక్తి దాని సొంత వేడిలోనుంచే ఖర్చవుతుంది. సైకిలు ట్యూబులో నుంచి గాలి బుస్సున బయటికి వచ్చేటప్పుడు వాల్వు దగ్గర వేలు పెట్టి చూస్తే చల్లగా తగులుతుందే, అదీ ఈ సంగతే. పొడిగాలి అయితే ప్రతి కిలోమీటరు ఎత్తుకు సుమారు 10 డిగ్రీలు చల్లబడుతుంది. గాలిలోని తేమ నీరుగా మారేటప్పుడు కొంత వేడి తిరిగి వస్తుంది గనుక, వాతావరణంలో సగటున చూస్తే కిలోమీటరుకు ఆరు, ఆరున్నర డిగ్రీల తగ్గుదల కనిపిస్తుంది. రెండు కిలోమీటర్లకు పదమూడు డిగ్రీలు వేసుకోవచ్చును. దీనికి తోడు కొండమీది తేమ, మబ్బు, చెట్లనీడ ఉండనే ఉన్నవి.

పీడనం తగ్గిన సంగతి చలికన్న ముందు వంటింట్లో తెలుస్తుంది. ఇక్కడ నీళ్ళు 93 డిగ్రీల దగ్గరనే మరిగిపోతాయి. గిన్నెలో కందిపప్పు ఎంతసేపు తెర్లినా మెత్తబడదు. మంట పెంచితే నీళ్ళు ఇగిరిపోవడమే గాని వేడి పెరగదు. ప్రెషర్ కుక్కరు లేనినాడు కొండమీద కాపురం పెట్టిన ఇల్లాళ్ళ ఓర్పును మెచ్చుకోవలసిందే. మరొక సంగతి యాత్రికులు చాలామంది మరచిపోతారు. గాలి పలుచబడినకొద్దీ అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే శక్తి తగ్గుతుంది. ఒళ్ళు చల్లగా ఉన్నది గదా అని రోజంతా ఎండలో తిరిగినవాని ముఖం మూడోనాటికి నల్లబడుతుంది.

ఊరికి నడిబొడ్డున నక్షత్రం ఆకారంలో కనిపించే సరస్సు స్వాభావికమైనదని చాలామంది అనుకొంటారు. కాని అది మనుషులు కట్టినది. 1845లో అమెరికన్ మిషనరీలు ఇక్కడ మొదటి ఇళ్ళు కట్టుకొన్నారు. అప్పుడు సరస్సు లేదు. వాగు పారే పల్లం, బురదనేల మాత్రమే ఉండేవి. మదురై కలెక్టరుగా పనిచేసిన వియర్ లెవింజ్ 1863లో ఆ వాగుకు అడ్డంగా కట్ట వేయించాడు. నీరు పక్కనున్న లోయల్లోనికి కూడా వేళ్ళు చాచినట్లు పాకింది. నక్షత్రం ఆకారం అలా వచ్చింది. వైశాల్యం సుమారు 24 హెక్టార్లు. చుట్టూ ఉన్న సుమారు 5 కిలోమీటర్ల రోడ్డుమీద కాలినడకన, సైకిళ్ళమీద, గుర్రాలమీద తిరిగేవారితో మే నెలంతా సందడిగా ఉంటుంది. వేసవి ఉత్సవం రోజుల్లో పడవ పందాలు, అలంకరించిన పడవల ఊరేగింపు, కుక్కల ప్రదర్శన, జానపద నృత్యాలు జరుగుతాయి. నీళ్ళలో వదిలిన బాతును పడవలో తరిమి పట్టుకొనే పోటీ కూడా ఒకటి ఉన్నది. అందులో నవ్వు ప్రేక్షకులది, ఆయాసం పడవవానిది; చాలాసార్లు గెలుపు మాత్రం బాతుదే.

సరస్సుకు తూర్పున బ్రయంట్ పార్కు ఉన్నది. 1908లో బ్రయంట్ అనే అటవీ అధికారి దీనికి రూపకల్పన చేశాడు. ఏటా మే నెలలో జరిగే పూల ప్రదర్శనకు ఇదే వేదిక. డాలియా, పాంజీ, పెటూనియా, సాల్వియా, డెల్ఫినియం మొదలైనవి మళ్ళు మళ్ళుగా విరగబూస్తాయి. వీటిలో చాలావాటిని హైదరాబాదులో, విజయవాడలో చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలదాకా ఆగాలి. మైదానంలో శీతకాలం ఇచ్చే చల్లదనాన్ని ఇక్కడ ఎత్తు మే నెలలోనే ఇస్తున్నది. అయితే ప్రదర్శనరోజుకు అన్ని మళ్ళూ ఒక్కసారి పూయడం ప్రకృతి వైచిత్రి కాదు, తోటమాలి లెక్క. ఏ మొక్క నాటిన ఎన్నాళ్ళకు పూస్తుందో చూచుకొని, ఆలస్యంగా పూసేవాటిని ముందుగా, త్వరగా పూసేవాటిని వెనుకగా, శీతకాలం నుంచే విడతలుగా నాటుకొంటూ వస్తారు. మధ్యలో ఒక గట్టి వడగండ్లవాన పడితే ఆ లెక్క అంతా తారుమారవుతుంది. చల్లని గాలిలో పువ్వు శ్వాసక్రియ మందగిస్తుంది కాబట్టి, పూసిన పువ్వు మైదానంలోకన్న ఎక్కువ రోజులు వాడకుండా నిలుస్తుంది.

మధ్యాహ్నం దాటాక యాత్రికులు కోకర్స్ వాక్ వైపు నడుస్తారు. 1872లో కోకర్ అనే సైనికోద్యోగి కొండ అంచున వేయించిన కాలిబాట అది. ఉదయం అక్కడ నిలబడితే కింద మైదానంలోని పొలాలు, చెరువులు పటంలో గీసినట్లు కనిపిస్తాయి. మధ్యాహ్నానికి ఏమీ కనబడదు; అంతా తెల్లని పొగమంచు. డబ్బు పెట్టి ఇంతదూరం వచ్చింది దీనికా అని విసుగుకొనేవారుంటారు. కాని ఆ మంచు ఎక్కడిదో తెలిస్తే విసుగు పోతుంది. పొద్దెక్కినకొద్దీ మైదానపు గాలి వేడెక్కి, కొండవాలు వెంబడి పైకి పాకుతుంది. పాకుతూ వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. దానిలోని నీటిఆవిరి ఇక ఆవిరిగా నిలవలేని స్థితికి వచ్చి సన్నని బిందువులుగా మారుతుంది. ఊరికి చల్లదనం తెచ్చినదేదో, లోయను కప్పినదీ అదే.

ఈ మంచుమీద ఒక్కొక్కప్పుడు వింత దృశ్యం కనిపిస్తుంది. సూర్యుడు వీపు వెనుక వాలుగా ఉండి, ఎదుట లోయలో మంచు నిండి ఉంటే, చూచేవాని నీడ ఆ మంచుమీద పడుతుంది. నీడ ఎంత దూరంలో ఉన్నదో పోల్చుకోవడానికి మధ్యలో ఏ ఆధారమూ లేనందున అది రాక్షసాకారంగా తోస్తుంది. తల చుట్టూ రంగురంగుల వలయాలు కూడా అమరుతాయి. జర్మనీలోని బ్రోకెన్ శిఖరం పేరిట దీన్ని బ్రోకెన్ ఛాయ అంటారు. సన్నని నీటిబిందువులు వెలుతురును వచ్చిన దిక్కుకే వెనుకకు చెదరగొట్టడంవల్ల ఆ వలయాలు ఏర్పడతాయి. పక్కపక్కన ఇద్దరు నిలబడితే ఎవరి తలచుట్టూ ఉన్న వలయం వారికే కనిపిస్తుంది. రెండవవాని తలకు అది ఉన్నట్లు తోచదు.

కొడైకెనాల్‌లో చూడదగినవాటిలో శాస్త్రాభిమానులు వదలరానిది సౌర వేధశాల. ఊరికన్న ఎత్తున, 2,343 మీటర్ల దగ్గర ఉన్నది. దీని పుట్టుకకు ఒక కరువుతో సంబంధం ఉన్నది. 1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన క్షామంలో లక్షలాది ప్రజలు చనిపోయారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఎంతగానో దెబ్బతిన్నవి. సూర్యబింబంమీద మచ్చలు సుమారు 11 ఏళ్ళకొకసారి పెరిగి తరుగుతాయని అప్పటికే తెలుసు. వానలు కూడా ఆ ప్రకారమే వస్తూపోతూ ఉంటాయేమో, అలాగైతే కరువును ముందే పసిగట్టవచ్చునేమో అన్న ఆశ బయలుదేరింది. దానికి సూర్యుని నిత్యం చూడాలి. మద్రాసు సముద్రతీరంలోని తేమ, దుమ్ము అందుకు అడ్డు. మద్రాసు వేధశాలకు చెందిన మిచీ స్మిత్ కొండలన్నీ పరిశీలించి కొడైకెనాల్‌ను ఎన్నుకొన్నాడు. 1895లో శంకుస్థాపన, 1899లో వేధశాల తరలింపు జరిగినవి. మధ్యాహ్నం మంచు కమ్మే ఊరు సూర్యుని చూడడానికి ఎలా పనికివస్తుందని సందేహం కలగవచ్చును. ఇక్కడి పరిశీలనలు ముఖ్యంగా పొద్దుటిపూటవి. వాలు ఇంకా వేడెక్కకముందు, గాలి కదలకముందు, బింబం అదరకుండా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక్కడ పనిచేసిన జాన్ ఎవర్‌షెడ్ 1909లో ఒక ముఖ్య విషయం కనిపెట్టాడు. సూర్యుని మచ్చకు నడిమి భాగం నల్లగా ఉంటుంది; దాని చుట్టూ బూడిదరంగు అంచు ఉంటుంది. ఆ అంచులో వాయువులు మచ్చనుంచి బయటివైపుకు సెకనుకు రెండు కిలోమీటర్ల వంటి వేగంతో ప్రవహిస్తున్నాయని ఆయన తేల్చాడు. అంత దూరానున్న వాయువు కదలికను ఎలా కొలిచాడు? మనవైపు వచ్చే రైలు కూత సన్నగా, దూరమయ్యే రైలు కూత బొంగురుగా వినిపిస్తుంది గదా. కాంతికీ ఇదే సూత్రం. వర్ణపటంలోని నల్లగీతలు, వాయువు దగ్గరకు వస్తుంటే ఊదారంగు వైపు, దూరమవుతుంటే ఎరుపు వైపు కొద్దిగా జరుగుతాయి. ఆ జరుగుడును కొలిస్తే వేగం తెలుస్తుంది. దీన్ని నేటికీ ఎవర్‌షెడ్ ప్రభావం అనే పిలుస్తున్నారు.

వేధశాలకు తెలుగునాటితో చుట్టరికం ఉన్నది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, సూర్యుని అంచున లేచే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపటం సాయంతో చూడవచ్చునని మరునాడే రుజువు చేశాడు. కొడైకెనాల్‌లో దశాబ్దాల తరబడి సూర్యుని ఒక్క రంగులోనే ఫోటోలు తీసే పనికి మూలం ఆ ఊహే. ఇక 1960లో ఈ వేధశాల డైరెక్టరుగా వచ్చిన వైణు బాపు హైదరాబాదులో పెరిగినవాడు; ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేశాడు. 1960లోనే ఇక్కడ సొరంగపు దూరదర్శిని నెలకొన్నది. గోపురంమీది అద్దం సూర్యకాంతిని పట్టి కిందికి పంపుతుంది. 60 మీటర్ల పొడవున్న సొరంగంలో 38 సెంటీమీటర్ల కటకం గుండా అది సాగి, సుమారు 34 సెంటీమీటర్ల వ్యాసం గల బింబంగా ఏర్పడుతుంది. అంటే పూరీలు వేయించే బాణలంత సూర్యుడన్నమాట. సందర్శకుల కోసం ఏర్పరచిన ప్రదర్శనశాలలో సూర్యబింబాన్నీ, వర్ణపటాన్నీ చూడవచ్చును. 1904 నుంచి దాదాపు ప్రతిదినం తీసిన సూర్యుని ఫోటోలు ఇక్కడ భద్రంగా ఉన్నవి; వాటిని కంప్యూటరు లెక్కకు అనువుగా మార్చి ప్రపంచమంతటి శాస్త్రజ్ఞులకు అందజేస్తున్నారు. వానలకు, సూర్యుని మచ్చలకు మధ్య తొలినాళ్ళలో ఊహించినంత సూటి సంబంధం మాత్రం దొరకలేదు. కరువు కోసం మొదలైన చూపు సూర్యుని గురించి ఎంతో చెప్పింది, కరువు గురించి చెప్పింది స్వల్పం.

మే నెల యాత్రికునికి దక్కనిది ఒకటి ఉన్నది. నీలకురింజి పూత 12 ఏళ్ళకొకసారి, అదీ వానకాలంలో వస్తుంది. 2006లో, 2018లో పూసింది. ఆ వరుసన తరువాతది 2030లో రావాలి. పూసిన మొక్క గింజ రాల్చి చనిపోతుంది. అన్ని మొక్కలూ ఒకే ఏడు పూస్తే గింజలు తినే ప్రాణులు ఎంత తిన్నా కొన్ని మిగులుతాయి. ఇంతకాలం ఆగడానికి అదొక కారణమని శాస్త్రజ్ఞులు అంటారు.

కురింజి పెరిగేది గడ్డివాలులమీద. పళని కొండలకు సహజమైన వేషం ఇదే: వాలులమీద గడ్డి, మడతల్లో 'షోలా' అనే పొట్టి సతతహరితారణ్యం. వాననీటిని ఈ రెండూ పట్టి ఉంచి నెమ్మదిగా వాగుల్లోనికి వదులుతాయి. ఆంగ్లేయుల కాలంనుంచి ఈ గడ్డినేలల్లో పరదేశపు పైన్, నీలగిరి తైలం చెట్లు, తుమ్మజాతి చెట్లు నాటారు. యాత్రికులు ముచ్చటపడి ఫోటోలు తీయించుకొనే పైన్ అడవి అలా నాటినదే. 1973 నుంచి 2014 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూస్తే, ఈ కొండల్లో గడ్డినేల మూడింట రెండు వంతుల వరకు తగ్గిపోయినట్లు తేలింది. 2013లో ఈ అడవులను కొడైకెనాల్ వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు.

నీటి సంగతి ఇక్కడ వస్తుంది. ఈ ఊళ్ళో ఎక్కువ వాన కురిసేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఏప్రిల్, మే నెలల్లో పడే ఉరుముల జల్లులు అప్పటికి ఎండిన నేలను తడపడానికే సరిపోతాయి. వాగులు సన్నబడి, నిలవనీరు తరిగి ఉన్న ఆ సమయానికే జనం వస్తారు. 2011 లెక్కల ప్రకారం ఊరి జనాభా సుమారు 36 వేలు. వేసవి రద్దీ దానికి అదనం. మద్రాసు హైకోర్టు ఆదేశం ప్రకారం 2024 మే 7 నుంచి బయటి వాహనాలకు ముందుగా ఇ-పాసు తీసుకొనే పద్ధతి వచ్చింది. 2025 వేసవిలో మామూలు దినాల్లో 4,000, వారాంతాల్లో 6,000 వాహనాలకే అనుమతి అని పరిమితి పెట్టారు. ఒక కొండ ఎందరిని మోయగలదో లెక్కగట్టాలన్న ఆలోచన ఇలా ఆచరణలోనికి వచ్చింది.

ఊరికి 8 కిలోమీటర్ల ముందు ఘాటురోడ్డు పక్కన సిల్వర్ కాస్కేడ్ అనే జలపాతం ఉన్నది. 55 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. వచ్చే బస్సులన్నీ అక్కడ ఆగుతాయి. దూకేది సరస్సు నుంచి పొర్లివచ్చిన నీరే. మే నెలలో అది రాతిమీద జారే పలుచని ధార. నవంబరులో దాని హోరు రోడ్డు మలుపు తిరగకముందే వినిపిస్తుంది.