స్పీడ్ నది మీద పోయిన స్పీడు

ఈ టొరంటో చుట్టుపక్కల మనవాళ్ళకి వేసవి వచ్చిందంటే పార్కులో పిక్నిక్, పులిహోర పొట్లాలు, క్రికెట్. మా ఇంట్లో మాత్రం కొన్నేళ్ళుగా ఇంకో పిచ్చి పట్టుకుంది. అదే పడవ! పన్నెండడుగుల అల్యూమినియం పడవ, వెనకాల చిన్న ఎలక్ట్రిక్ మోటారు. దీన్ని ఇక్కడ ట్రోలింగ్ మోటారు అంటారు. పొగ ఉండదు, చప్పుడు ఉండదు. గ్వెల్ఫ్ లేక్‌లో పెట్రోలు మోటార్లకి అనుమతి లేదు, కరెంటు మోటారుకి ఉంది. స్పీడ్ అనే నదికి 1970లలో ఆనకట్ట కట్టడం వల్ల ఏర్పడిన జలాశయం అది.

ఆ స్పీడ్ నది మీదే ఒక ఆదివారం మా స్పీడు పోయింది.

వెళ్ళేటప్పుడు గాలి మా వెనకనుంచి వీచింది, హాయిగా వెళ్ళాం. తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి. మోటారు మూడో నంబరులో బాగానే ఉంది. అయిదులో పెడితే మాత్రం, మన ఊళ్ళో లో-వోల్టేజీలో పొలం మోటారు మూలిగినట్టు మూలుగుతోంది. పడవ ముందుకి పోవడం మానేసి పక్కకి కొట్టుకుపోతోంది. మా పదకొండేళ్ళ అమ్మాయి "నాన్నా, ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యి" అంది. నా ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా నేను అందరికీ చెప్పే సలహా అదే! వేశాను, లాభం లేదు. మా ఆవిడ కోనసీమ మనిషి. మాట్లాడకుండా తెడ్డు అందుకుంది. రెండో తెడ్డు నేను పట్టాను. ఒడ్డు చేరేసరికి గంట దాటింది, చేతులు బొబ్బలెక్కాయి. లైఫ్ జాకెట్లు ముగ్గురికీ ఒంటిమీదే ఉన్నాయి కాబట్టి పిల్లకి అదొక సరదా. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మొదట అనుమానం బ్యాటరీ మీదికే పోయింది. మల్టీమీటరు పెడితే 12.7 వోల్టులు చూపించింది. ఛార్జి నిండా ఉన్నట్టే లెక్క. అయితే పిల్లలూ, పనిలేకుండా కూర్చున్న బ్యాటరీ మాట నమ్మకూడదు! దాన్ని పని చేయించి అడగాలి.

మరుసటి శనివారం పడవని రేవుకి గట్టిగా కట్టేశాం. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి (ఇది మరిచిపోతే వేళ్ళు పోతాయి) ప్రొపెల్లర్ విప్పి చూశాను. దాని వెనక గాలం దారమో నాచో చుట్టుకున్నా మోటారు ఇలాగే ఈడుస్తుంది. ఏమీ లేదు. ఇలాంటి మోటార్లలో వేగం తగ్గించే కాయిల్ కాలిపోతే అయిదో నంబరు ఒక్కటే పనిచేస్తుంది. మాది సరిగ్గా దానికి తలకిందులు కాబట్టి అదీ కాదు.

ఇక తీగ బిగించి, మోటారు నీళ్ళలో దింపి ఫుల్ స్పీడులో పెట్టి రెండుచోట్ల కొలిచాం. బ్యాటరీ దగ్గర 12.2. మోటారు తీగల దగ్గర 10.1! మధ్యలో రెండు వోల్టులు ఎవరు తిన్నారు?

తిన్నది నేనే. వెనక బరువెక్కువైందని వసంతంలో బ్యాటరీని పడవ ముందుకి మార్చి, గరాజ్‌లో దొరికిన సన్నటి తీగని అతికి, టేపు చుట్టేశాను. ఆ అతుకు ముట్టుకుంటే చెయ్యి కాలింది. టేపు విప్పితే రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. ఫుల్ స్పీడులో మా మోటారు సుమారు 40 ఆంపియర్లు లాగుతుంది. 0.05 ఓమ్ అడ్డు చాలు, 40తో గుణిస్తే రెండు వోల్టులు మాయం. అంటే ఎనభై వాట్లు, ఒక పాతకాలపు బల్బు వెలిగేంత కరెంటు, ఆ తీగలో వేడిగా పోతోంది. మూడో నంబరులో లాగే కరెంటు తక్కువ కాబట్టి నష్టమూ తక్కువ. అందుకే తెలియలేదు. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపి ఉంటే ఆ టేపు అంటుకునేదేమో కూడా.

మందమైన 6 గేజ్ రాగి తీగ, నొక్కి బిగించిన లగ్గులు, బ్యాటరీ పక్కనే ఒక సర్క్యూట్ బ్రేకర్ వేశాను. బ్యాటరీ మీది చేతితో తిప్పే రెక్క నట్టులు తీసేసి, స్పానరుతో బిగించే మామూలు నట్టులు పెట్టాను. మళ్ళీ కొలిస్తే నష్టం అర వోల్టు కూడా లేదు.

కొత్తగా కొనేవారికి ఒక మాట. మోటారు ఎంత చిన్నదైనా, కరెంటుదైనా, కెనడాలో 2009 సెప్టెంబరు 15 నుంచి నడిపేవారందరి దగ్గరా ఆపరేటర్ కార్డు లాంటి అర్హత పత్రం ఉండాలి. పడవలో ఎంతమంది ఉంటే అంతమందికీ సరిపోయే లైఫ్ జాకెట్లు ఉండాలి.

ఇప్పుడు బయలుదేరే ముందు వోల్టులు కొలిచేది మా అమ్మాయే. ఓ పుస్తకంలో తేదీ వేసి రాసుకుంటుంది. మోటారు బ్రహ్మాండంగా ఉంది కదా, ఆ తెడ్లు చోటు తినేస్తున్నాయి, ఒకటి ఇంట్లో పెట్టేద్దామన్నాను మొన్న. మా ఆవిడ ఒప్పుకోలేదు.