మనకు తెలుసు, ఆమెకు తెలియదు



సస్పెన్స్ అంటే చివరిదాకా ఏమీ చెప్పకుండా దాచడమే అనుకుంటాం. క్లాసులో పిల్లలు రాసే కథలూ చాలావరకు అలాగే ఉంటాయి. 1954లో హిచ్‌కాక్ తీసిన ‘రియర్ విండో’ పద్ధతి వేరు.

కాలు విరిగి చక్రాల కుర్చీకే పరిమితమైన జెఫ్‌కి, ఎదురు ఫ్లాట్ మనిషి భార్యను చంపాడని అనుమానం. ఆధారం కోసం లీసా కిటికీలోంచి ఆ ఫ్లాట్‌లోకి వెళ్తుంది. అంతలో అతను తిరిగొస్తాడు! మనకు కనిపిస్తోంది, ఆమెకు తెలియదు. కెమెరా దాదాపు సినిమా అంతా జెఫ్ గది దాటదు. అతనిలాగే మనమూ కూర్చున్నచోటే గిలగిల్లాడతాం. హత్యను అసలు చూపించనే లేదు.

హైస్కూలు పిల్లలతో కలిసి చూడండి. లీసా లోపలికి వెళ్ళగానే ఆపి, ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి. వాళ్ళు ఆపనిస్తేనే లెండి!