చిత్రఫలకం

బాణాసురుని కుమార్తె ఉష కలలో ఒక యువకుని చూచింది. మేల్కొన్న తరువాత అతడెవరో, ఏ దేశపువాడో ఆమెకు తెలియలేదు. మంత్రి కుంభాండుని కూతురు, ఆమె ప్రియసఖి అయిన చిత్రలేఖ ముందుగా దేవ గంధర్వ సిద్ధ చారణుల రూపాలను, ఆ తరువాత భూలోకంలోని రాజకుమారుల రూపాలను పటం మీద చిత్రించి ఒక్కొక్కటిగా చూపింది. యాదవుల వంతు వచ్చింది. ప్రద్యుమ్నుని చూడగానే ఉష సిగ్గుపడింది. అనిరుద్ధుని చూడగానే గుర్తుపట్టింది. భాగవతం దశమ స్కంధంలోని ఈ ఘట్టాన్ని ప్రణయకథగా చదవడం పరిపాటి. అయితే చిత్రాలను చూపే విద్యకు సంబంధించిన ఒక సూక్ష్మం కూడా ఇందులో ఇమిడి ఉంది. చిత్రలేఖ ఉన్నవారిని ఉన్నట్లు చూపింది కనుకనే ఉష పోల్చుకోగలిగింది. అనిరుద్ధుని మరికొంత మెరుగుపెట్టి చూపి ఉంటే ఆ కథ అక్కడే ఆగిపోయేది.

తాను తీసిన చిత్రాలను ఎదుటివారికి చూపి, వారి నమ్మకాన్ని పొంది, పని సంపాదించుకోవలసిన ఛాయాగ్రాహకునికి నేటికీ ఉన్న సమస్య ఇదే. తెలుగుదేశానికి పరిచయమైన తొలితరం ఛాయాగ్రాహకులలో రాజా దీన్‌దయాళ్ సుప్రసిద్ధుడు. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో జన్మించిన ఆయన, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఛాయాచిత్రకారుడై, సికింద్రాబాదులో స్టూడియో నడిపి, 1905లో మరణించాడు. ఆనాడు గాజుపలకల మీద బొమ్మను పట్టి, దానినుండి కాగితం మీద ముద్రలు తీసి, వాటిని దళసరి అట్టలకు అంటించి ఆల్బములుగా కుట్టించేవారు. ఆ బరువైన ఆల్బమే ఛాయాగ్రాహకుని పరిచయపత్రం. దానిని చూచినవారికి తమ చేతికి రాబోయే వస్తువు ఎలా ఉంటుందో స్పష్టంగా తెలిసేది. ఎందుకంటే చూపినదీ కాగితమే, ఇవ్వబోయేదీ కాగితమే.

నేడు ఆ రెంటికీ మధ్య తెర వచ్చి నిలిచింది. గద్వాల వంటి పట్టణంలో కొత్తగా స్టూడియో తెరిచిన యువకుని ఊహించుకోవచ్చు. చేతిలోని పెట్టుబడి కెమెరాకు, లెన్సులకు, దీపాలకు సరిపోయింది. మాఘమాసం వస్తోంది. పెళ్లివారు అరగంట సమయం ఇచ్చి, తీసిన చిత్రాలు తెచ్చి చూపమన్నారు. నమూనా కరిజ్మా ఆల్బం వేయించాలంటే వేల రూపాయల పని. పైగా నిరుడు వేయించిన ఆల్బంలో ఈ ఏటి పనితనం ఉండదు. అటువంటివానికి పదిహేను, ఇరవై వేల రూపాయలలో దొరికే టాబ్లెట్ సహజంగానే అక్కరకు వచ్చేదిగా కనిపిస్తుంది. ఆ మొత్తం అతనికి చిన్నది కాదు. ఎంపిక పొరపాటైతే డబ్బుతోపాటు ముహూర్తాల కాలం కూడా చేజారుతుంది.

ఫోను ఉండగా టాబ్లెట్ ఎందుకన్న ప్రశ్నకు సమాధానం లెక్కలో ఉంది. పెద్ద కెమెరాలు తీసే చిత్రంలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి సాధారణంగా 3:2. ఆరున్నర అంగుళాల పొడవాటి ఫోను తెరమీద అటువంటి అడ్డచిత్రం సుమారు 11 చదరపు అంగుళాల స్థలంలో అమరుతుంది. 10 అంగుళాల టాబ్లెట్‌లో అదే చిత్రానికి 42 చదరపు అంగుళాలు లభిస్తాయి. అంటే దాదాపు నాలుగు రెట్లు. పెళ్లివారు ఒక్కరుగా రారు. వధువు తల్లి, మేనమామ, చదువుకుంటున్న తమ్ముడు అందరూ ఒకేసారి తొంగిచూస్తారు. ఫోను ఒకరి కంటికి సరిపోయే సాధనం.

తెర పరిమాణాన్ని మూలనుండి మూలకు, అనగా కర్ణంగా కొలుస్తారు. కనుక 10 అంగుళాలని రాసి ఉన్న రెండు టాబ్లెట్లు ఒకే ఆకారంలో ఉండనక్కరలేదు. 16:10 నిష్పత్తి గల తెర సుమారు ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 5.3 అంగుళాల ఎత్తు ఉంటుంది. 4:3 నిష్పత్తి గల తెర 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు ఉంటుంది. అడ్డచిత్రాలకు ఈ భేదం లెక్కలోకి రాదు. రెంటిలోనూ 42, 43 చదరపు అంగుళాలే దక్కుతాయి. నిలువు చిత్రం వచ్చినపుడు అసలు తేడా బయటపడుతుంది. టాబ్లెట్‌ను తిప్పకుండా అడ్డంగానే ఉంచితే, నిలువు చిత్రానికి మొదటి దానిలో 19 చదరపు అంగుళాలు, రెండవ దానిలో 24 దక్కుతాయి. ముఖచిత్రాల కోసం 4:5 కొలతకు కత్తిరించిన బొమ్మను, టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకొని చూపినపుడు ఈ అంకెలు 35, 45. కాబట్టి ముఖచిత్రాలు, శిశువుల చిత్రాలు ప్రధానంగా తీసేవారికి చతురస్రానికి దగ్గరగా ఉండే తెర మేలు. మండపాలు, ఊరేగింపులు, ప్రకృతి దృశ్యాలు తీసేవారు దీనికోసం అదనంగా ఖర్చు పెట్టనవసరం లేదు.

తరువాత చూడవలసినది చుక్కల సాంద్రత. తెరమీది బొమ్మ సూక్ష్మమైన చుక్కల కూర్పు. టాబ్లెట్‌ను సుమారు 40 సెంటీమీటర్ల దూరాన పట్టుకొని చూచినపుడు, అంగుళానికి దాదాపు 220 చుక్కలు ఉంటే సాధారణ దృష్టి గలవారి కన్ను వాటిని విడదీయలేదు. 10.1 అంగుళాల తెరలో 1920×1200 చుక్కలుంటే ఈ అవసరం తీరుతుంది. అదే పరిమాణంలో 1280×800 చుక్కలు మాత్రమే ఉన్నవి చౌకగా దొరుకుతాయి. వాటిలో అంగుళానికి 150 చుక్కలకు మించవు. కనురెప్పల వెంట్రుకలు, జరీ అంచులోని పోగులు పలుకుపలుకుగా కనిపిస్తాయి. మొదటి రకం కంటే తక్కువది తీసుకోరాదు. అంతకు చాలా మించినదానికి ధర పెట్టడంలోనూ ప్రయోజనం స్వల్పమే.

రంగుల విషయం వీటన్నిటికంటె సున్నితమైనది. తెర ఎన్ని రంగులను చూపగలదన్న దానికి ఒక కొలమానం ఉంది. ఎస్‌.ఆర్‌.జి.బి. అనే ఈ ప్రమాణాన్ని 1996లో రెండు అమెరికా సంస్థలు ప్రతిపాదించగా, 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. చిత్రాలను అచ్చువేసే ల్యాబులు సాధారణంగా ఈ పరిధిలోనే చిత్రాలను కోరతాయి. చౌకరకం తెరలు ఈ పరిధిని పూర్తిగా అందుకోలేవు. పైగా వాటిలో చాలావరకు నీలిఛాయ ఎక్కువ. తెలుగువారి పెళ్లి చిత్రాలకు ఇది కఠిన పరీక్ష అవుతుంది. మధుపర్కాల తెలుపు నీలిమందు పెట్టినట్లు కనిపిస్తుంది. తలంబ్రాల పసుపు నిమ్మపండు రంగుకు తిరుగుతుంది. వధువు మేనిఛాయ పాలిపోతుంది. తీసినవాని తప్పు ఇందులో లేకపోయినా, చూచేవారు తెరను నిందించరు, తీసినవానినే నిందిస్తారు.

దీనికి విరుద్ధమైన దోషం మరొకటి ఉంది. అది కంటికి ఇంపుగా ఉంటుంది కనుక మరింత ప్రమాదకరం. అమోలెడ్ తెరలలో నలుపు గాఢంగా, రంగులు ధగధగలాడుతూ ఉంటాయి. రాత్రివేళ దీపకాంతిలో తీసిన చిత్రాలు వాటిలో ఎంతో శోభిస్తాయి. కాని ‘వివిడ్’ అనే అమరికలో వదిలివేస్తే కుంకుమ ఎరుపు గీతలేవీ తెలియని ముద్దగా మారి, జరీ పసిడిరంగు నారింజకు దగ్గరవుతుంది. చూచినవారు ముగ్ధులై పని అప్పగిస్తారు. రెండు నెలల తరువాత 12×36 అంగుళాల ఆల్బం వారి చేతికి వస్తుంది. వెలుగును తనలోనుండి చిమ్మే తెరకు ఉన్న తళుకు, వెలుగును తిప్పికొట్టే కాగితానికి ఉండదు. ‘ఆనాడు చూపించింది ఇదా?’ అన్న ప్రశ్న అప్పుడు వస్తుంది. పట్టణం చిన్నది; ఆ ప్రశ్న ఆ ఇంటి గడపలోపల ఆగిపోదు. అందుచేత అమోలెడ్ తెరను ఎంచుకున్నవారు అమరికలలో ‘నేచురల్’ అనేదానికి మార్చుకోవాలి. ఇరవై వేల లోపు అయితే మంచి ఐ.పి.ఎస్. రకం ఎల్‌.సి.డి. తెర చాలు. ఏ పక్కనుండి చూచినా రంగు మారకపోవడం దాని సుగుణం. చుట్టూ నలుగురు కూర్చొని చూచే సందర్భంలో ఇది అత్యవసరం.

తక్కువ ధర టాబ్లెట్లలో పైగాజుకూ తెరకూ నడుమ సన్నని గాలిపొర ఉండటం సాధారణం. బయటి వెలుగు ఆ పొర వద్ద కూడా ప్రతిఫలించి బొమ్మ నలుపును బూడిదరంగుగా మారుస్తుంది. రెంటినీ అతికించిన తెర దొరికితే కొంచెం ఎక్కువైనా కొనదగినది. ఎండలో మాత్రం ఏ తెరా నిలువదు. పెళ్లివారు పందిట్లో కూర్చొని ఉంటే, వరండా నీడలోకి రమ్మని కోరడమే ఉపాయం.

ఇక ధర పెంచే తక్కిన హంగుల సంగతి. టాబ్లెట్ వెనుక ఉండే కెమెరా ఈ పనికి అక్కరలేదు. ఛాయాగ్రాహకునికి అంతకంటె మంచి కెమెరా ఉండనే ఉంది. సిమ్ కార్డు అమరిక అక్కరలేదు. బొమ్మలు తిప్పి చూపడానికి 4 జి.బి. ర్యామ్ చాలు. నిల్వ విషయంలో అందరూ భయపడతారు గాని, లెక్క చూస్తే భయం తీరుతుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసే చిత్రం 6000×4000 చుక్కలది. దానిని 3600×2400కు తగ్గించి నిల్వచేస్తే, చూచేవారు వేళ్లతో పెద్దది చేసి చూచినా స్పష్టత చెడదు. అటువంటి అరవై చిత్రాలు కలిపినా సుమారు పావు జి.బి.కి అటూ ఇటూ ఉంటాయి. 64 జి.బి. టాబ్లెట్ ధారాళంగా సరిపోతుంది. చౌకదనానికి హద్దు లేదనుకోవడం కూడా పొరపాటే. 2011లో మనదేశంలో విద్యార్థుల కోసం విడుదలైన తొలి ఆకాశ్ టాబ్లెట్ ధర చాలా తక్కువ. కాని 7 అంగుళాల దాని తెరలో 800×480 చుక్కలే, వేలితో గట్టిగా నొక్కితే గాని కదలని స్పర్శఫలకం. పాఠం చదువుకోవడానికి ఉద్దేశించిన సాధనం చిత్రం చూపడానికి తగినది కానక్కరలేదు.

అంగడికి వెళ్లేటపుడు తన చిత్రాలు ఐదింటిని పెన్‌డ్రైవులోనో మెమరీ కార్డులోనో వెంట తీసుకొని వెళ్లడం ఉత్తమం. అంగడివారు చూపే చిలుకలు, పూలు, జలపాతాలు ఆ తెరకు నప్పేటట్లు తీర్చిదిద్దినవి. వాటినిబట్టి తీర్పు చెప్పరాదు. ఆ ఐదింటిలో ఒకటి తెల్లని వస్త్రం, ఒకటి పసుపు, ఒకటి ఎర్రని పట్టు, ఒకటి చీకటిలో దీపం, ఒకటి మనిషి ముఖం అయి ఉండాలి. వాటిలో ముఖచిత్రాన్ని ముందుగానే ల్యాబులో అచ్చువేయించి, ఆ కాగితాన్ని తెర పక్కన పెట్టి పోల్చి చూడాలి. పోల్చేముందు సాయంకాలం తెరను పసుపుగా మార్చే అమరికను, వెలుగును తనంతట తాను తగ్గించుకునే అమరికను ఆపివేయాలి. తెలుపు తెల్లగా ఉన్నదా, దీపం చుట్టూ చీకటిలో ఉన్న మనిషి రూపురేఖ కనిపిస్తున్నదా, పక్కకు వంచితే ముఖం రంగు మారుతున్నదా అన్న మూడు పరీక్షలకు నిలిచినది ఏ సంస్థదైనా కొనవచ్చు. కొద్దికాలం వాడిన ఉన్నతశ్రేణి టాబ్లెట్ అదే ధరకు దొరికితే, బ్యాటరీ సత్తువ చూచుకొని దానిని తీసుకోవడం కొన్ని సందర్భాలలో తెలివైన పని.

కొన్న తరువాత చేయవలసిన పని ఇంకొకటి ఉంది. 1998లో వచ్చిన అడోబీ ఆర్‌.జి.బి. అనే విశాలమైన రంగుల పరిధిలో చిత్రాలను తీసేవారు కొందరున్నారు. వాటిని అట్లాగే టాబ్లెట్‌లోకి ఎక్కిస్తే, ఆ పరిధిని గుర్తించలేని అప్లికేషన్లలో రంగులు వెలిసిపోయినట్లు కనిపిస్తాయి. టాబ్లెట్ పాడైనదని తిరిగి అంగడికి పరుగెత్తకుండా, కంప్యూటరులో ఎస్‌.ఆర్‌.జి.బి.కి మార్చి, జె.పి.జి. రూపంలో నిల్వచేసుకోవాలి. చిత్రాల సంఖ్యకు కూడా మితం అవసరం. అరగంటలో మూడు వందల చిత్రాలు చూపినవాడు ఏ ఒక్కటీ చూపనట్లే. గౌరీపూజ నుండి అప్పగింతల దాకా ఒకే పెళ్లిలోని నలభై చిత్రాలు వరుసగా చూపితే, పది పెళ్లిళ్లలోని మేలిముత్యాలను ఏరి చూపినదానికంటె నమ్మకం ఎక్కువ కలుగుతుంది. చిత్రలేఖ కూడా వరుస పాటించింది.

చూపేటపుడు విమానయాన అమరికలో ఉంచితే మధ్యలో వచ్చే సందేశాలు బొమ్మను కప్పవు. చిత్రాలు ఇంటర్నెట్‌లో కాక టాబ్లెట్‌లోనే ఉండాలి. పల్లెటూరి పెంకుటింట్లో సిగ్నల్ కోసం వెదుకుతూ కూర్చున్నవానిని చూచి పెళ్లివారు గడియారం చూస్తారు. మెత్తని గుడ్డతో తెర తుడిచి, స్టాండు గల అట్ట వేసి, ముందు ఇంటిలోని పెద్దవారి చేతికి ఇవ్వాలి. వారు వేళ్లతో బొమ్మను పెద్దది చేసి నగల నాణ్యం చూస్తారు; అడ్డు చెప్పరాదు. చివరగా, అచ్చువేయించిన ఆ ముఖచిత్రాన్ని సంచిలోనుండి తీసి, తెరమీద అదే చిత్రాన్ని తెరిచి, రెంటినీ పక్కపక్కన పెట్టి, ఆల్బం ఈ కాగితంలా ఉంటుందని ధర మాట్లాడకముందే చెప్పాలి.