అన్నము తిననని మారాము చేయు బిడ్డ

నడక నేర్చిన బిడ్డ అన్నపు గిన్నెను చూడగానే ముఖము త్రిప్పుకొనుట ఇంటింట కనబడు విషయమే. మొన్నటి వరకు పెట్టినదెల్ల తినిన బిడ్డ, ఏడాది నిండిన పిదప నోరు బిగించును. గిన్నెను త్రోసివేసి పరుగెత్తును. తల్లి ముద్ద చేత పట్టుకొని ఇల్లంతయు తిరుగును. నాయనమ్మ ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీయును. తండ్రి బజారు నుండి బలమునకని పొడి డబ్బా తెచ్చును. అయినను బిడ్డ తినదు.

ఇది చాలవరకు జబ్బు కాదు. ఎదుగుదలలో ఒక దశ. కాని పెద్దలు దీనిని ఎదుర్కొను పద్ధతి తప్పినచో, కొలది మాసములలో పోవలసిన పేచీ ఏండ్ల తరబడి నిలుచు అలవాటుగా మారును. మన దేశమున ఈ విషయమును తేలికగా తీసికొనుటకు వీలులేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 6 నుండి 59 మాసముల వయస్సుగల పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత కలదని, ఐదేండ్లలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన ఎత్తు లేదని తేలినది. కావున ఏది సహజమైన పేచీయో, ఏది అపాయ సూచనయో తల్లిదండ్రులు గుర్తెరుగవలెను.

ఆకలి ఏల తగ్గును?

పుట్టినప్పుడు సుమారు 3 కిలోలు తూగిన శిశువు ఏడాది నిండునప్పటికి మూడింతలు, అనగా 9 కిలోలు, తూగును. తొలి ఏట పెరిగిన బరువు 6 కిలోలు. రెండవ ఏట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. ఎదుగుదల వేగము ఇట్లు తగ్గుటచేత, ఆకలియు మునుపటివలె ఉండదు. బిడ్డ పెద్దదగుచున్నది గనుక తిండి కూడ అదే వేగముతో పెరుగవలెనని పెద్దలు ఎదురుచూచుటయే చిక్కునకు మొదలు.

ఇంకొక కారణము, క్రొత్త రుచిపట్ల అనుమానము. ఏడాదిన్నర మొదలు మూడు, నాలుగేండ్ల వరకు ఇది హెచ్చుగా ఉండును. ఎరుగని కూర, రంగు మారిన పప్పు, అన్నములో కనబడిన ఆకు, ఇవన్నియు బిడ్డకు అనుమానమును కలిగించును. పైగా 'నాకు వద్దు' అనుట ఈ వయస్సుననే నేర్చును. అన్న మాట చెల్లుచున్నదో లేదో భోజనము వద్దనే పరీక్షించును. ఒక పూట కడుపునిండ తిని, మరుపూట రెండు ముద్దలతో లేచిపోవుటయు సహజమే. పూటపూటకు లెక్క చూడక, వారము మొత్తము మీద ఎంత తినినదో చూడవలెను.

కడుపులో చోటు

పేచీ పెట్టు బిడ్డ ఉదయము నుండి ఏమేమి తినినదో ఒకనాడు వ్రాసి చూచుకొనుట మేలు. లేవగానే పెద్ద గ్లాసుతో పాలు. ఎనిమిదింటికి ఇడ్లీ తునక. పది గంటలకు తాతగారిచ్చిన రెండు బిస్కట్లు. ఏడ్చినదని పొరుగింటివారు పెట్టిన జంతిక. పదకొండింటికి మరల పాలు. పన్నెండింటికి పప్పన్నము ముందు పెట్టగా బిడ్డ తల అడ్డముగా ఊపును. 'ఉదయము నుండి ఏమియు తినలేదు' అని తల్లి బాధపడును. నిజమునకు కడుపు నిండియే యున్నది. అన్నమునకు చోటు లేదు.

పాలు మంచి ఆహారమే గాని వానిలో ఇనుము మిక్కిలి తక్కువ. ఏడాది దాటిన బిడ్డ దినమునకు అర లీటరుకు మించి ఆవుపాలు గాని గేదెపాలు గాని త్రాగుచున్నచో అన్నము, పప్పు, కూర తగ్గిపోవును. క్రమముగా రక్తహీనత కలుగవచ్చును. తల్లిపాలను రెండేండ్లు నిండువరకును, ఆపైనను ఇచ్చుట మంచిది. అయితే భోజనమునకు ముందు కాక, పిదప ఇచ్చిన ఆకలి చెడదు. టీ, కాఫీలు పసిపిల్లలకు తగవు. ఆహారములోని ఇనుము ఒంటికి పట్టకుండ టీ అడ్డుపడును. రెండేండ్లలోపు బిడ్డకు చక్కెర కలిపిన పదార్థములు అక్కరలేదు. భోజనమునకు, ఫలాహారమునకు నడుమ రెండు మూడు గంటలు నీరు తప్ప వేరేమియు ఈయకున్నచో ఆకలి తనంతట వచ్చును.

తల్లి పని, బిడ్డ పని

అమెరికాలో క్లారా డేవిస్ అను పిల్లల వైద్యురాలు 1926లో ఒక పరిశీలన ఆరంభించినది. తల్లిపాలు మానిన 15 మంది శిశువుల ఎదుట, 34 రకముల ఆహారములనుండి పూటకు కొన్ని చొప్పున పళ్లెములలో ఉంచిరి. తినుమని గాని, వద్దని గాని ఎవరును చెప్పలేదు. పిల్లలు ఒక్కొక్క పూట వింతగా ఒకే పదార్థమును తినుచుండినను, కాలక్రమమున అందరును చక్కగా పెరిగిరని ఆమె 1939లో ప్రకటించినది. ఇందలి కిటుకును ఆమెయే చెప్పినది: ఆ పళ్లెములలో చక్కెర గాని, మిఠాయి గాని లేవు, ఉన్నవన్నియు సహజమైన, పుష్టినిచ్చు పదార్థములే.

దీనినుండి ఇంటికి పనికివచ్చు నియమము ఒకటి తేలుచున్నది. ఏమి పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను, ఎక్కడ కూర్చుండబెట్టవలెను అనునవి పెద్దలు నిర్ణయింపవలెను. ఎంత తినవలెనో బిడ్డ నిర్ణయించుకొనవలెను. ఈ రెండు పనులు తారుమారైనప్పుడే, అనగా ఏమి తినవలెనో బిడ్డయు, ఎంత తినవలెనో తల్లియు నిర్ణయించునప్పుడే, ఇంట పోరు మొదలగును.

బలవంతము, ఆశ, బెదిరింపు

కాళ్ల నడుమ అదిమిపట్టి, ముక్కు మూసి నోట కుక్కుట కొన్ని ఇండ్లలో నేటికిని కలదు. ఇది మిక్కిలి అపాయకరము. ఏడ్చు బిడ్డ గొంతులో పోసిన ఆహారము ఊపిరి గొట్టములో పడి ప్రాణము మీదికి రావచ్చును. అంత కాకున్నను, గిన్నె కనబడగానే భయపడు బిడ్డ ఆకలి వేసినను తినదు.

'కూర తినిన చాక్లెట్ ఇచ్చెదను' అనుటయు మంచిది కాదు. కూర శిక్ష, చాక్లెట్ బహుమానము అని బిడ్డ నేర్చుకొనును. 'బూచివాడు వచ్చును' అను బెదిరింపు భయమును పెంచునే గాని ఆకలిని పెంచదు.

చందమామను చూపి గోరుముద్దలు పెట్టుట మన తల్లులు తరతరములుగా ఎరిగిన పద్ధతి. బిడ్డ ముఖము చూచుచు, మాటలాడుచు, నోరు తెరచినప్పుడే ముద్ద పెట్టుట అందలి మంచి. సెల్ ఫోను తెర చూపి తినిపించుటలో ఈ మంచి లేదు. తెర మీదనే చూపు నిలిపిన బిడ్డకు నోటిలో ఏమున్నదో తెలియదు. కడుపు నిండినదని కూడ తెలియదు.

బిడ్డను ఇంటివారితో పాటు కూర్చుండబెట్టి, వేరుగా చిన్న పళ్లెము ఈయవలెను. చేతితో కెలికినను, కొంత పారబోసినను కోపగింపరాదు. అరగంటలోపల ముగించి పళ్లెము తీసివేయవలెను. తినలేదని వెంటనే బిస్కట్లు ఈయరాదు. మరుపూట వేళకు మరల అన్నమే పెట్టవలెను.

క్రొత్త పదార్థమును ఒకమారు ఉమిసివేసినంత మాత్రమున బిడ్డకు అది గిట్టదని నిశ్చయింపరాదు. ఎనిమిది మొదలు పదిహేను పర్యాయములు రుచి చూచిన పిదప గాని పిల్లలు కొన్నిటిని అంగీకరింపరు. నేడు తోటకూర పప్పు రేగుపండంత ముద్ద పళ్లెములో ఒక మూల ఉంచవలెను. తినకున్న ఊరకుండి, మూడునాళ్లకు మరల ఉంచవలెను. అదే పప్పును తల్లిదండ్రులు ఇష్టముగా తినుట బిడ్డ చూచుట అన్నిటికంటె మంచి పాఠము.

ఏమి పెట్టవలెను?

ఏడాది నుండి రెండేండ్ల బిడ్డకు, తల్లిపాలు గాక, దినమునకు మూడు నాలుగు పర్యాయములు భోజనము, ఒకటి రెండు మార్లు ఫలాహారము కావలెను. 250 మిల్లీలీటర్ల గిన్నెలో ముప్పాతిక మొదలు నిండుగిన్నె వరకు ఒక పూట భోజనము. ఇది ఉజ్జాయింపు కొలత మాత్రమే. బలవంతముగా పూర్తిచేయవలసిన లెక్క కాదు. చిన్న కడుపునకు పలుచని చారన్నము, గంజి బలము ఈయవు. మెత్తగా మెదిపిన పప్పన్నములో ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని కలిపినచో కొలది ముద్దలలోనే ఎక్కువ శక్తి చేరును.

పెసరపప్పు కిచిడి, గట్టిగా కాచిన రాగిసంకటి, పెరుగన్నము, ఉడికించిన గ్రుడ్డు, ముండ్లు తీసిన చేప, మునగాకు వేసిన పప్పు, అరటిపండు, బొప్పాయి, ఇవన్నియు తగినవి. ఆకుకూర పప్పులో నిమ్మరసము పిండినను, వెంట మెత్తని జామపండు పెట్టినను ఇనుము బాగుగా ఒంటపట్టును. వేరుసెనగ గింజలు, ద్రాక్షపండ్లు ఈ వయస్సున అట్లే ఈయరాదు, గొంతుకడ్డుపడును. వేరుసెనగలను పొడిచేసి అన్నములో కలుపవచ్చును. ద్రాక్షపండ్లను నిలువున చీల్చి ఈయవలెను.

జ్వరము, విరేచనములు వచ్చినప్పుడు ఆకలి మందగించును. అప్పుడు కొంచెము కొంచెముగా పలుమార్లు పెట్టవలెను. నెమ్మదించిన పిదప రెండు వారముల పాటు దినమునకు ఒక పూట అదనముగా పెట్టినచో తగ్గిన బరువు తిరిగి వచ్చును.

ఎప్పుడు వైద్యునకు చూపవలెను?

బిడ్డ సరిగా తినుచున్నదో లేదో గిన్నె చెప్పదు, త్రాసు చెప్పును. నెలకొకమారు అంగన్‌వాడీ కేంద్రములో తూచి, తల్లీబిడ్డల రక్షణ కార్డులోని గీతపై గుర్తింపవలెను. గీత పైకి పోవుచున్నచో, బిడ్డ ఆడుచు పాడుచు ఉన్నచో, ఎంత కొంచెము తినినట్లు కనబడినను కలతపడ నవసరము లేదు.

గీత చదునుగా నిలిచినను, క్రిందికి దిగినను ఆలస్యము చేయరాదు. అరచేతులు పాలిపోవుట, మన్ను తినుట రక్తహీనతకు గుర్తులు. రక్తహీనత ఆకలిని చంపును. ఆకలి లేమి రక్తహీనతను పెంచును. మ్రింగునప్పుడు తరచు పొలమారుట, మానని వాంతులు, రెండు పాదములకు వాపు ఉన్నచో వెంటనే వైద్యునకు చూపవలెను. ఆరు మాసములు మొదలు ఐదేండ్లలోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో అది తీవ్రమైన పోషణ లోపము.

ఆరు మాసములు మొదలు ఐదేండ్ల వరకు పిల్లలకు వారమునకు రెండు మార్లు, మారునకు 1 మిల్లీలీటరు చొప్పున ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల సిరపు ఆశా కార్యకర్తల ద్వారా ఉచితముగా లభించును. ఏడాది దాటిన పిల్లలకు నులిపురుగుల మందు ఏటికి రెండు మార్లు అంగన్‌వాడీలలో ఇత్తురు. వీనిని తప్పక వాడవలెను. ఆకలి పెంచునవని చెప్పి అమ్ము టానిక్కులను వైద్యుడు వ్రాయనిదే కొనరాదు.

వేళకు వండినది వేళకు పెట్టి, తినినంత తిననిచ్చి, నెలనెలా తూచి చూచుకొనవలెను. ఈ మూడును పాటించు ఇంట గిన్నె పట్టుకొని బిడ్డ వెంట తిరుగు శ్రమ క్రమముగా తప్పును. బిడ్డయు ఆకలిని తెలిసికొని తినుట నేర్చును.