డయాలసిస్ రోగి గుండెకు కావలి ఎవరు?

"పత్తి ఏరుడు నడుస్తున్నది. ఇయ్యాల ఒక్కదినం మిషను మీదికి పోకుంటే ఏమైతది?"

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో కిడ్నీలు చెడిపోయిన కూలీ ఇంట తరచూ వినిపించే మాట ఇది. ప్రశ్న చిన్నదే. కాని దాని జవాబు ప్రాణంతో ముడిపడి ఉంది. డయాలసిస్ మీద బతికేవాళ్ళ మరణాల్లో సగానికి దగ్గరగా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే జరుగుతున్నాయి. చెడిపోయింది కిడ్నీ అయితే గుండె ఎందుకు ఆగుతున్నది?

తూము మూసుకుపోయిన చెరువు

కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. మిషను ఆ పనిని వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున, 12 గంటల్లో చేయాలి. మిగిలిన 156 గంటలు తాగిన నీళ్ళు, తిన్న ఉప్పు చాలావరకు ఒంట్లోనే ఉండిపోతాయి. తూము మూసుకుపోయిన చెరువులోకి వరద వస్తుంటే కట్ట మీద ఒత్తిడి పడినట్టే, గుండె మీద భారం పడుతుంది. బీపీ పెరుగుతుంది. గుండె కండరం మందమవుతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. రాత్రి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటే, అది వట్టి దగ్గు అనుకోరాదు.

సోమ, బుధ, శుక్రవారాలు మిషను మీదికి పోయే మనిషికి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ. అమెరికాలో 32 వేల మందికి పైగా రోగుల లెక్కలు చూసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ పెద్ద ఎడం ముగిసిన దినాన మరణాలు, గుండె ప్రమాదాలు ఎక్కువని తేలింది. ఇక సోమవారం కూడా మానితే బుధవారం దాకా అయిదు దినాలు. "ఒక్కదినమే కదా" అన్న మాటలో ఉన్న లెక్క ఇది.

దప్పికకు మూలం ఉప్పు

"నీళ్ళు తక్కువ తాగు" అని డాక్టరు చెబుతాడు. ఎండలో పనిచేసే మనిషికి అది అయ్యే పనేనా? మొదట తగ్గాల్సింది ఉప్పు. తొక్కు, ఉప్పు వేసిన గంజి, ఎండుచేపలు, అప్పడాలు తిన్నాక దప్పిక ఆపడం ఎవరి తరమూ కాదు. రోజంతటికీ ఉప్పు ఒక చిన్న చెంచాడు, అంటే 5 గ్రాములు మించరాదు. కూరలో ఉన్నదీ, తొక్కులో ఉన్నదీ అన్నీ అందులోనే. అట్లాగే అంబలి, చాయ్, పచ్చిపులుసు కూడా నీళ్ళ లెక్కలోకే వస్తాయి.

ఒక లీటరు నీరు నిలిస్తే ఒక కిలో బరువు పెరుగుతుంది. నీరంతా తీసిన తర్వాత ఉండే బరువు 50 కిలోలయితే, రెండు డయాలసిస్‌ల మధ్య రెండు కిలోలకు మించి పెరగకుండా చూసుకోవడం మంచిది. నాలుగైదు కిలోలు పెంచుకొని పోతే, నాలుగు గంటల్లో అంత నీటిని మిషను గుంజాలి. అప్పుడు బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండె కండరానికే నెత్తురు చాలదు. మాటిమాటికీ ఇట్లా జరిగితే గుండె నీరసించిపోతుంది.

చూడబోయేవాళ్ళు ఏం తీసుకుపోవాలి?

రోగిని చూడబోతే కొబ్బరిబోండాలు, అరటిపండ్లు తీసుకుపోవడం మన మర్యాద. కిడ్నీ రోగికి ఆ మర్యాదే ముప్పు తెస్తుంది. వాటిలో పొటాషియం ఎక్కువ. అది నెత్తురులో పెరిగితే గుండె లయ తప్పి, చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. ఆలుగడ్డ, ఆకుకూరలు వండేముందు చిన్న ముక్కలు చేసి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. బీపీకి మంచిదని అమ్మే "తక్కువ సోడియం ఉప్పు"లో కూడా పొటాషియమే కలుపుతారు. దాన్ని ముట్టరాదు. కాళ్ళు చేతుల్లో సత్తువ పోయినా, గుండె దడదడలాడినా తెల్లారేదాకా ఆగకుండా దవాఖానకు పోవాలి.

మందుల సంగతికొస్తే, నడుము నొప్పికని ఊళ్ళో దొరికే నొప్పి గోలీలు బీపీని పెంచుతాయి, మిగిలి ఉన్న కాస్త కిడ్నీ శక్తినీ తింటాయి. ఫాస్ఫరస్ గోలీలు అన్నంతోపాటే వేసుకోవాలి. లేకుంటే సున్నం రక్తనాళాల్లో పేరుకొని అవి గట్టిపడతాయి. నెత్తురు తక్కువైతే గుండె మరింత కష్టపడాలి కాబట్టి ఆ సూదిమందు మానరాదు. కొలెస్టరాల్ గోలీతోనే గుండె నిలుస్తుందనుకుంటే పొరపాటు. డయాలసిస్ మొదలైన తర్వాత కొత్తగా ఇచ్చి చూసిన రెండు పెద్ద పరీక్షల్లో, 2005లోనూ 2009లోనూ, చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ముందునుంచీ వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఆపరాదు.

మిషను ఉచితం, కూలి?

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదలకు మిషను అందింది. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ పథకం పెట్టింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనూ డయాలసిస్ చేస్తున్నారు. ఈ రోగులకు ఆసరా పింఛను నెలకు 2016 రూపాయలు వర్తింపజేశారు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు చార్జీ తప్పింది. ఇవన్నీ మేలే, కాదనలేం.

కాని రోగికి వారంలో మూడు దినాల కూలి పోతుంది. తోడు పోయే మనిషిదీ పోతుంది. ఇంటికి వారానికి ఆరు కూలి దినాలు గండి. పత్తి ఏరేటప్పుడు, మిర్చి ఏరేటప్పుడు ఆ గండి మరీ లోతు. అప్పుడే "ఇయ్యాల మానుదాం" అన్న మాట పుడుతుంది. ఆ ఇంటిని తెలివితక్కువదని తిట్టి లాభం లేదు. ఆకలి, గుండె రెండూ పోటీ పడితే ముందు గెలిచేది ఆకలే.

కాబట్టి సంఘం కార్యకర్తలకు ఇక్కడ పని ఉంది. మన ఊళ్ళో ఎవరెవరు డయాలసిస్‌కు పోతున్నారో రాసిపెట్టుకోవాలి. వాళ్ళ దినాలు తెలుసుకోవాలి. ఎవరైనా పోని నాడు ఇంటికి పోయి కారణం అడగాలి. తోడు పోవడానికి వంతులు వేసుకోవాలి. ఇంట్లో బరువు చూసే కాటా లేకపోతే ఊరికి ఒక్కటైనా కొని పెట్టాలి. రోగికీ, తోడు మనిషికీ పోయిన కూలికి పరిహారం, డయాలసిస్ కేంద్రంలోనే ఏటా గుండె పరీక్ష, ఇంటికి దగ్గరలో మిషను కావాలని సర్కారును నిలదీయాలి.

మిషను నెత్తురును శుభ్రం చేస్తుంది. మనిషిని ఆ మిషను దాకా చేర్చే పని మాత్రం ఊరిది, సర్కారుది.