గడువు ముందటి రాత్రి

ప్రయోగ పరీక్షలకు ముందు మా కళాశాలలో ఏటేటా ఒక దృశ్యము కనిపించును. నెలల తరబడి ఖాళీగా నున్న రికార్డు పుస్తకములు ఒక్కసారిగా నిండి, సంతకము కొరకు నా బల్లపైకి వచ్చి చేరును. ఈ సంవత్సరము అట్టి పుస్తకమును తెచ్చిన ఒక విద్యార్థిని "ఇన్నాళ్ళు ఏమి చేసినావు?" అని అడిగితిని. అతడు దాపరికము లేకుండ, "గుర్తులేక కాదండీ. రోజూ గుర్తుకు వచ్చేది, రోజూ రేపు వ్రాద్దామనిపించేది. అయినా గడువు మీద పడితేనే నాకు బుర్ర పనిచేస్తుంది మాష్టారూ" అనెను.

ఈ మాటలో రెండు ప్రశ్నలు ఇమిడి యున్నవి. గుర్తుండియు పనిని ఏల వాయిదా వేయుదుము? గడువు నిజముగా బుద్ధికి పదును పెట్టునా?

మొదటి ప్రశ్నను చూతము. ఇంటి ముందున్న చింతచెట్టు దూరపు కొండను కప్పివేయును. చెట్టు కొండకంటె పెద్దదని కాదు. దగ్గరగా నున్నది, అంతే. సుఖముల విషయమును ఇట్టిదే. 1981లో జార్జి ఎయిన్‌స్లీ, రిచర్డ్ హెర్న్‌స్టీన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు పావురములతో చేసిన ప్రయోగమును ప్రకటించిరి. కొద్దిపాటి గింజలు వెంటనే, ఎక్కువ గింజలు కొంచెము ఆలస్యముగా లభించునట్లు ఏర్పాటు చేయగా పావురములు కొద్దిపాటి గింజలనే కోరుకొన్నవి. రెండింటిని సమానముగా మరికొంత వెనుకకు జరుపగా, అవే పావురములు ఎక్కువ గింజలవైపు మొగ్గినవి.

మన స్థితియు దీనికి దూరము కాదు. "సాయంత్రము ఆరు గంటలకు కూర్చుండి వ్రాసెదను" అని ఉదయము అనుకొన్నప్పుడు ఆ మాటలో అబద్ధము లేదు. ఆటయు పనియు అప్పటికి రెండును దూరముగానే యున్నవి. ఆరు గంటలగుసరికి స్నేహితుడు గుమ్మములో నిలుచును, పరీక్ష మాత్రము ఇంకను నెల దూరములోనే యుండును.

ఇక రెండవ ప్రశ్న. విద్యార్థి మాటలో కొంత సత్యము లేకపోలేదు. 1908లో అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనువారు తెల్లని పెట్టెను, నల్లని పెట్టెను వేరుగా గుర్తించుట చిట్టెలుకలకు నేర్పిరి. తప్పు పెట్టెలోనికి పోయిన ఎలుకకు విద్యుద్ఘాతము తగులును. పెట్టెల వెలుగులో భేదము స్పష్టముగా నున్నప్పుడు ఘాతము బలమైనకొలది ఎలుకలు త్వరగా నేర్చినవి. భేదము సూక్ష్మమైనప్పుడు మాత్రము మధ్యరకపు ఘాతమే మేలు చేసినది. అంతకు మించినది నేర్పును వెనుకకు లాగినది. ఎలుకలకు నిజమైనది మనుష్యులకు పూర్తిగా వర్తించునని చెప్పరాదు. కాని మన అనుభవము దీనికి దగ్గరగానే యున్నది. చూచి వ్రాయుట వంటి సులభమైన పని ఒత్తిడిలో చకచక సాగును. లెక్కలో తప్పెక్కడ దొరలినదో వెదకుట సాగదు.

జ్ఞాపకశక్తి సంగతి మరియు కఠినమైనది. 1885లో జర్మనీ దేశస్థుడు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరముల గుంపులను వల్లెవేయుచు తనపైననే చేసికొనిన ప్రయోగములను ప్రకటించెను. ముందుదినమున వరుసగా 68 మార్లు చదివిన ఎంత ఫలము కలిగెనో, ముందటి మూడు దినములలో పంచుకొని 38 మార్లు చదివినను అంత ఫలమే కలిగెను. గడువు ముందటి రాత్రి ఎంత మేలుకొన్నను, దానిని మూడు రాత్రులుగా చేయలేము గదా!

ఇంతకంటె పెద్ద నష్టము వేరొకటి కలదు. దానిని నా అనుభవము నుండియే చెప్పెదను. డిగ్రీ చదువు దినములలో లఘులోలకపు రికార్డును నేనును గడువు ముందటి రాత్రియే వ్రాసితిని. ఆరు పొడవులకు డోలన కాలము కొలువవలసి యుండగా రెండింటికే కొలిచి యుంటిని. ప్రయోగశాలకు తాళము పడినది. గురుత్వ త్వరణము విలువ పుస్తకములో కలదు. దానినుండి వెనుకకు లెక్కగట్టి, మిగిలిన నాలుగు కాలములను నింపివేసితిని. మా ఉపన్యాసకుడు పట్టికను చూచి, "మొదటి రెండు పొడవులకు గడియారం నొక్కిన చేయి కొంచెం తడబడ్డది. తరువాత నాలుగింటికి తడబడలేదేమి?" అనెను. నిజముగా కొలిచినవానిలో చిన్న తేడాలుండెను. కల్పించినవి దశాంశములతో సహా సరిపోయినవి. సంతకము లేకుండనే పుస్తకము తిరిగి వచ్చెను. ఆ రాత్రి నా బుర్ర చురుకుగానే పనిచేసినది, కాని అది పనిచేసినది అబద్ధము కూర్చుటకు.

దీనికి ఉపాయమేమి? గట్టిగా సంకల్పించుట చాలదు. 1997లో జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్, వెరోనికా బ్రాండ్‌స్టెటర్ ప్రకటించిన పరిశోధనలో, క్రిస్మస్ ముందటి సాయంత్రమును ఎట్లు గడిపినదియు 48 గంటలలోగా వ్రాసి పంపవలెనని విద్యార్థులను కోరిరి. ఎప్పుడు, ఎచ్చట కూర్చుండి వ్రాయునదియు ముందే నిర్ణయించుకొన్న వారిలో మూడింట రెండు వంతులకు మించి పంపిరి. అట్లు నిర్ణయించుకొనని వారిలో పంపినవారు సుమారు మూడవ వంతే. "ఈ వారము వ్రాసెదను" అనుటకంటె "బుధవారము ఆరు గంటలకు, గ్రంథాలయములో కిటికీ ప్రక్క బల్లమీద వ్రాసెదను" అనుట మేలు. ఉపాధ్యాయులమును ఒక పని చేయవచ్చును. ఏడాది చివర ఒకేసారి ఇరువది సంతకములు చేయుటకు మారుగా, ప్రయోగము జరిగిన వారమే సంతకము చేసిన పెద్ద గడువు చిన్న గడువులుగా విడిపోవును.

ఆ విద్యార్థి రికార్డుపై నేను వెంటనే సంతకము చేయలేదు. ఒక్క ప్రయోగమైనను నా యెదుట మరల చేయుమంటిని. అతడు ఓపికగా కొలిచెను. ఈసారి విలువలు పుస్తకములో నున్నంత చక్కగా రాలేదు. నేను ఆ పట్టిక క్రిందనే సంతకము చేసితిని.