టైలు వెనక గోడ లెక్క

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొన్న మనవాళ్లు బాత్రూమ్ బాగుచేయించాలంటే ముందు టైళ్ల షాపుకే వెళ్తారు. గోడ సంగతి ఎవరూ అడగరు. మన ఊళ్లో అడగాల్సిన పనీ లేదు: ఇటుక గోడ, సిమెంటు పూత, దాని మీదే టైలు. అమెరికాలో గోడంటే 16 అంగుళాలకొకటి నిలబెట్టిన చెక్కలు, వాటికి బిగించిన జిప్సం షీట్లు. ఆ జిప్సానికి రెండువైపులా ఉండేది కాగితం. టైళ్ల సందుల్లో నింపే గ్రౌట్ లోంచి దిగిన తడి దానికి చేరితే ముందు బూజు పడుతుంది, గోడ మెత్తబడుతుంది, చివరికి టైలు ఊడుతుంది.

పచ్చ కాగితంతో వచ్చే గ్రీన్‌బోర్డ్ తడిని కొంత తట్టుకుంటుంది. సింకు గోడకు అది చాలు. షవర్ గోడకు చాలదు. అక్కడి ఇళ్ల మోడల్ కోడ్ 2006 నుంచే టబ్, షవర్ టైళ్ల వెనక సిమెంట్ బోర్డు గానీ, గాజునార పొర ఉన్న జిప్సం గానీ వాడాలంటోంది.

సిమెంట్ బోర్డుకి లెక్క వేద్దాం. మామూలు టబ్ పొడవు 60 అంగుళాలు, వెడల్పు 30. మూడు గోడలూ కలిపి 10 అడుగులు. టబ్ పైన 6 అడుగుల ఎత్తుకి 60 చదరపు అడుగులు. అరంగుళం మందం షీటు 3×5 అడుగులు. వెనక గోడకు రెండు అడ్డంగా సరిపోతాయి, మరో రెండింటిని సగానికి కోస్తే పక్క గోడలు నిండుతాయి. లెక్కకు నాలుగే. కానీ టైలు టబ్ అంచు దాటి రెండు మూడు అంగుళాలు రావాలి కాబట్టి ఐదోది కొనక తప్పదు. ఒక్కోటీ దాదాపు 18 కిలోలు; బాత్రూమ్ మేడ మీదుంటే ఇంకో మనిషిని పిలుచుకోండి.

స్క్రూలు 8 అంగుళాలకొకటి. మూడు గోడల్లో 11 చెక్కలు, ఒక్కో చెక్క మీద రెండు షీట్లు, షీటుకి ఆరు: 132. తుప్పు పట్టని 1¼ అంగుళాలవే కావాలి. జిప్సం పనిలో మిగిలినవి ఉన్నాయంటే ఒప్పుకోవద్దు.

షీట్ల మధ్య 1/8 అంగుళం, టబ్ అంచు పైన 1/4 అంగుళం సందు వదలాలి. పనివాళ్లు తరచూ ఎగ్గొట్టేది ఈ పావు అంగుళమే. సిమెంట్ బోర్డు తడికి కుళ్లదు గానీ, టబ్‌కి ఆనితే దీపం వత్తి నూనె లాగినట్టు నీళ్లను పైకి లాగుతుంది. షీట్ల అతుకుల మీద 2 అంగుళాల గాజునార టేపు పరిచి, టైళ్లు అంటించే థిన్‌సెట్ రాసి అదమాలి.

ఇంతా చేసినా ఆ బోర్డు నీళ్లను ఆపదు, లోపలికి వదిలేస్తుంది. ఆపడానికి వెనక ప్లాస్టిక్ షీటైనా ఉండాలి, ముందు వాటర్‌ప్రూఫ్ పూతైనా ఉండాలి. రెండూ పెడితే మధ్యలో చిక్కిన తడికి దారుండదు. నా ఓటు పూతకే, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది. రెడ్‌గార్డ్ అనే వాటర్‌ప్రూఫ్ పూత పూసేటప్పుడు గులాబీ రంగు, ఆరాక ఎరుపు. రెండు పూతలు వేయించండి. మూలల్లో గులాబీ ఛాయ ఉన్నంతసేపూ టైలు మేస్త్రీని ఆపండి. టబ్‌కీ మొదటి వరస టైలుకీ మధ్య మాత్రం గ్రౌట్ వద్దు, సిలికాన్ పెట్టించండి. నీళ్ల బరువుకి, మనిషి బరువుకి టబ్ కాస్త కిందికి దిగుతుంది, గ్రౌట్ అయితే పగులుతుంది.